పేలుడుకి ముందు పిలిచే పేర్లు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. నువ్వు రాళ్లు మోసిన క్వారీలోనే గుమాస్తాగా చేరాను.

రాయి పేల్చే ముందు మేస్త్రి మగవాళ్ల పేర్లే పిలిచేవాడు. ఆడవాళ్లు వాళ్ల వెనకే పైకి వచ్చేస్తారని ధీమా. నాన్న పోయాక ఒక్కదానివే పనికెళ్లే నిన్ను, పేలుడులో పోయిన ఆ రోజు ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆడవాళ్ల కమిటీ పట్టుబట్టి, ఇవాళ్టి నుంచి తమ పేర్లూ పిలిచేలా చేసింది. ఆ పిలిచే పని నాది. నేను ఎర్రజెండా దించితేనే వత్తి ముట్టిస్తారు.

నా గొంతు నీకు తెలుసుగా. రాజమండ్రి కాన్వెంటు బళ్లో ప్రేయర్ చదివితే రెండో వరసకి వినపడేది కాదు.

పేరు పిలిచినవాళ్లంతా పైకొచ్చారు, రాళ్లు మోసే సత్తెమ్మ మాత్రం పలకలేదు. మళ్లీ పిలిచాను.

"దించండమ్మా, వానొచ్చేలా ఉంది. ఆవిడ ఇంటికెళ్లిపోయుంటుంది" అన్నాడు మేస్త్రి.

"సిస్టర్ గారు ప్రార్థన చేస్తున్నారండోయ్!" నా సన్న గొంతు విని వెనక ఎవరో నవ్వారు.

జెండా దించలేదు. మూడోసారి అరిచాను. క్వారీ అడుగున బండల చాటునుంచి సత్తెమ్మ తట్టతో సహా పైకొచ్చింది.

"పిలిస్తే పలకవేంటి?" మేస్త్రి కసిరాడు.

"మా ఆయన పోయాక నన్నెవరు పిలుస్తారండీ? ఇంకో సత్తెమ్మేమో అనుకున్నాను."

ఆవిణ్ణి నా వెనక నిలబెట్టుకుని, అప్పుడు జెండా దించానమ్మా.