బాయి దిగేముందు

అన్నా,

నా కొత్త థ్రిల్లర్ పూర్తయింది. అందులో బొగ్గుబాయి పైకప్పు కూలుతుంది. నీ బాయిలో అది దానంతటదే కూలింది, నా కథలో ఒక హంతకుడు కూల్చాడు. వదిన వద్దంటే అచ్చుకు పంపనని అనుకుని, చదివి వినిపించడానికి లక్సెట్టిపేట వెళ్లాను.

నీ పేరు మార్చాను, ఊరు మార్చాను. కానీ డ్యూటీకి బయల్దేరి, గేటు దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి చెంబెడు నీళ్లు తాగే నీ అలవాటును మాత్రం వదల్లేకపోయాను. అక్కడికి రాగానే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వదిన చెయ్యి ఆగింది.

"ఆపాలా వదినా?"

"చదువు."

చదివాను. కప్పు పగుళ్లిచ్చింది. లోపలివాళ్లు పరుగెత్తారు. వదిన చాట అంచును గట్టిగా పట్టుకుంది. కథలో ఆ మనిషి చనిపోయాక వదిలింది.

"బయటికొస్తడేమో అనుకున్న," అంది.

నిన్ను బాయి నుంచి శవంగా తెచ్చిన రోజు నీ పక్కన కూర్చున్న మనిషి ఆమె. అయినా నేను చదువుతున్నంతసేపూ నీ కోసం ఎదురుచూసింది. చదివేవాళ్లచేత ఊపిరి బిగబట్టించడమే నా పనని ఇన్నేళ్లు గొప్పగా చెప్పుకున్నాను. ఆ పనికి ఇంత శక్తి ఉందని నాకే తెలియదు.

"అచ్చెయ్యాలా వద్దా, నువ్వే చెప్పు వదినా."

"గా సంగతి తర్వాత చూద్దాం. మళ్ల మొదటిసంది చదువు. ఆయన నీళ్లు తాగంగనే ఆపు."

మొదలుపెట్టాను. నువ్వు గేటు దాకా పోయి వెనక్కొచ్చావు. నీళ్లు తాగి చెంబు అరుగు మీద పెట్టావు.

అక్కడ ఆపాను.