ఎల్డన్ చెట్లు

కోల్డ్ క్రీక్, వాషింగ్టన్ రాష్ట్రం
మే 9

ఎల్డన్‌కి,

వెర్లిన్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత నీ ఉత్తరం చూసి మా ఆవిడ లోయిస్ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఓపిక లేదు.

జూన్‌లో మన విమానాలవాళ్లంతా కలిసి తినే పాన్‌కేకుల ఆదివారానికి నీ పసుపు విమానంలోనే వచ్చి దిగుతానన్నావు. సంతోషం. కానీ ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నీ ఇల్లు కొన్న క్రెయిగ్ మంచివాడే. మార్చిలో రన్‌వే పక్కనున్న నీ పోప్లార్ చెట్లన్నీ కొట్టించేశాడు. గాలివానకు ఇంటిమీద పడతాయని భయమట. ఆ చెట్ల కోసం మనం ఎంత కొట్టుకున్నాం! ఏదో ఒకరోజు ఎవడి విమానం రెక్కకో తగులుతాయి, నరికించరా మొండి ఘటమా అని నేను. నా నేలలో చెట్ల మీద నీ పెత్తనమేంట్రా అని నువ్వు. చివరికి మాటలు పోయాయి, నువ్వు ఇల్లమ్ముకుని వెళ్లిపోయావు. ఇప్పుడు చెట్లూ పోయాయి. నేను పండగ చేసుకోవాలి కదా? చేసుకోలేదు.

మన ఇళ్ల వెనక గడ్డి రన్‌వేకి దీపాలు లేవు, దారి చూపే యంత్రాలు లేవు. గాలి వాటం చెప్పే గుడ్డసంచి ఒక్కటే. ఎడమ రెక్క నీ చెట్ల పక్కకు రాగానే ఇంజను జోరు తగ్గించేవాళ్లం, గడ్డి మీద వాలేవాళ్లం. ఏళ్ల తరబడి అందరం అలాగే దిగాం. నేనూ అంతే, వాటిని తిట్టుకుంటూనే.

చెట్లు పోయాక అందరి అంచనా తప్పింది. మన డోరిన్ తన విమానంలో దిగబోయి మళ్లీ పైకి లేచిపోయింది. పోయిన వారం ఒక ముసలాడు, తనకన్నీ తెలుసనుకునేవాడు, లేని చెట్ల కోసం వెతుక్కుంటూ జోరు తగ్గించడం మరిచిపోయాడు. గడ్డి అయిపోయేదాకా తేలుతూ పోయి అవతలి కాలవలో పడ్డాడు. డోరిన్ పరిగెత్తుకెళ్లి, బతికే ఉన్నావా, ఇక తిట్టొచ్చా అని అడిగింది.

నువ్వూ అదే అలవాటుతో వస్తావు. వద్దు. కారులో రా, బస్సులో రా. నిన్ను కాలవలోంచి లాగే ఓపిక నాకు లేదు. నిజం చెప్పాలంటే ఈమధ్య దేనికీ లేదు. పొద్దున్నే లేచి కిటికీలోంచి ఆ గుడ్డసంచి వంక చూసి మళ్లీ పడుకుంటున్నాను. నువ్వు వెళ్లాక ఇక్కడ పోట్లాడటానికి కూడా మనిషి లేడు.

నీ
వెర్లిన్

తా.క.: ఆ ముసలాడు నేనే. కాలు విరిగింది. విమానం అమ్మేస్తున్నాను. నీకు చెప్పొద్దని లోయిస్ పోరింది. అయినా నువ్వు నా మాట విని కారులో ఎందుకొస్తావు? అందుకని ఆ ఆదివారం పొద్దున నీ చెట్ల మొదళ్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటాను. లోయిస్‌ది నారింజరంగు దుప్పటి ఒకటి కర్రకు కట్టి ఎత్తి పట్టుకుంటాను. నేను నీ ఎడమ రెక్క పక్కకు రాగానే జోరు తగ్గించు.