కర్ర మునిగిన నెలలు

అయ్యా,

మా బడి వెనక చిత్తడి నేలను పూడ్చడానికి మీరు అనుమతిచ్చారని తెలిసింది. ఏడాదిలో నాలుగు నెలలు అక్కడ చుక్క నీరుండదని మా పిల్లల పరిశీలన పుస్తకాన్నే సాక్ష్యంగా చూపారట.

ఆ పుస్తకం రాయించిన సైన్సు టీచర్ని నేనే. ప్రతి శనివారం పిల్లలు గట్టు మీద నుంచి కొలత కర్ర చూసి నీటిమట్టం రాస్తారు. వానాకాలంలో కర్ర నిలువునా మునిగి అంకె కనబడదు. అప్పుడు గడిలో అడ్డగీత పెట్టమన్నాను. ఆ గీతలను మీరు సున్నాలనుకున్నారు. ఎదుటి పేజీలో అవే నెలల్లో దిగిన బాతుల లెక్క ఉంది. నీళ్లు లేనిచోట బాతులు ఎందుకు దిగుతాయని మీ ఆఫీసులో ఒక్కరికీ అనిపించలేదా?

తప్పు ముందు నాదే. "టీచర్, గీత పెడితే చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని ఏడో తరగతి పిల్ల ఒకతె ఆనాడే అడిగింది. "మనకి తెలుసుగా, చెప్పింది చెయ్యి" అని కసిరాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని అనుకోకండి. మట్టి లారీలు వచ్చేది సోమవారం. ఈలోగా ఒక్కసారి వచ్చి గట్టు మీద నిలబడి చూడండి.

మొన్న శనివారం ఆ పిల్ల గీత పెట్టలేదు. "కర్ర మునిగింది" అని రాసింది, నన్ను అడక్కుండానే.

ఆ గీతలు పెట్టించిన టీచరు