హాస్టల్ వంటలోకి పోనున్న తోటకూరను ఆపించుట గురించి

నందిగామ రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,
జగ్గయ్యపేట మండలం, వాగు కింది ఆకుకూరల రైతు షేక్ నౌషాద్ సమర్పించుకొను అర్జీ.

విషయం: సీసం ఎక్కిన నేలలో పండిన తోటకూరను ఈ పూట పిల్లల హాస్టల్ వంటలో వేయకుండా ఆపించుట, ఆ మళ్లలో కోతలు నిలిపించుట గురించి.

అయ్యా,

ఈ కాగితం తమ చేతికి ఇచ్చినామె నా భార్య జీనత్. ఆమెకు ఐదో నెల. బస్సులో వచ్చింది కనుక ఆమెను నిలబెట్టవద్దని ముందుగా మనవి. నేను స్వయముగా రాలేకపోవుటకు కారణము దిగువన విన్నవించుకున్నాను.

1. నేను వాగు ఒడ్డున కౌలు చెక్కలో తోటకూర, పాలకూర, గోంగూర వేసుకొని బతుకుచున్నవాడను. నా మళ్లకు ఎగువన క్రాంతికుమార్ అనే ఆయన షెడ్డు ఉండేది. అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవారు. బట్టీలో మిగిలిన నల్లబూడిదను వాగు గట్టున గుట్టగా పోసేవారు. వాగు పొంగిన ఏడాది ఆ గుట్ట సగం కొట్టుకువచ్చి మా మళ్ల మీద పరుచుకున్నది. నీరు తీసిన తరువాత నేల నల్లగా కనపడితే ఒండ్రు పట్టిందని సంతోషించాము. తరువాత షెడ్డు మూతపడినది. బూడిద మాత్రం మా నేలలోనే ఉండిపోయినది.

2. గత నెలలో మా పెయ్యదూడ ఆ గట్టున మేసి వచ్చి, పళ్లు నూరుతూ ఉన్నచోటనే గుండ్రంగా తిరగసాగింది. తరువాత గోడకు తల ఆనించి నిలబడిపోయింది. కళ్ల ముందు చెయ్యి ఆడించినా రెప్ప వేయలేదు. పశువుల డాక్టరు అపూర్వ గారు వచ్చి చూసి, “ఈ చుట్టుపక్కల బ్యాటరీల షెడ్డు ఏమన్నా ఉందా అండీ?” అని అడిగారు. దూడ దక్కలేదు. ఆమె సలహా మీద నా మడిలోని మట్టిని, తోటకూరను పరీక్షకు పంపాను. నా మడి నీరు దిగువనున్న పుల్లమ్మక్క మళ్లలోకి పారును గనుక, ఆమె మడిలోవి కూడా తీసి పంపాను. ఆమెను అడగలేదు.

3. నిన్న ఫలితం వచ్చినది. రెండు మళ్ల కూరలోనూ సీసం ఉండదగిన హద్దు దాటి ఉన్నది. పుల్లమ్మక్క కూరలో నా దానికన్నా ఎక్కువ. కడిగితే పోదా అని డాక్టరు గారిని అడిగాను. “పైన పట్టిన దుమ్ము కొంత పోద్దండీ. ఆకులోకి ఎక్కింది పోదు, ఉడికించినా పోదు. ఎదిగే పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ మరీ చెడ్డది” అన్నారు. ఆ తరువాత ఆమె ఏమి చెప్పినదీ నాకు వినబడలేదు. జీనత్‌కు రక్తం తక్కువగా ఉందని, రోజూ ఆకుకూర తినమని నర్సమ్మ చెప్పి ఉన్నారు. రోజూ తిన్నది. ఆమె రక్తం పరీక్షకు ఇచ్చాము. ఇంకా ఏమీ తెలియలేదు. అయ్యా, ఇంట్లో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోతున్నాము.

4. నా కూరంతా పీకి గోతాల్లో కట్టి పశువులకు అందకుండా పెట్టి, పుల్లమ్మక్క ఇంటికి వెళ్లాను. హాస్టల్‌కు కూర పోసేది ఆమే. చెప్పినదంతా విని, లేచి నిలబడింది.

“నన్నడక్కుండా నా మళ్లో చెయ్యెట్టా పెట్టావ్ తమ్ముడూ?”

“తప్పే అక్కా. కానీ అది పిల్లలు తింటారు.”

“నేనూ తింటన్నా. ఏమైంది నాకు? ఈ మాట బజార్లో పడితే వాగు కింద ఆకు ఇంకెవడన్నా ముట్టుకుంటాడా? ఇన్ని కొంపలు ఏం తిని బతకాలో అది చెప్పు ముందు!”

ఆ ప్రశ్నకు జవాబు తమరి వద్ద ఉండునేమోనని ఆశ.

5. ఈ ఉదయం ఆమె కూర బెన్ని అనే అతని ఆటోలో హాస్టల్‌కు చేరినది. నేను వెనకే వెళ్లి వార్డెన్ ఉమాకాంతం గారికి పరీక్ష కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, “ఇది ప్రైవేటు వాళ్లదయ్యా. ఆఫీసరు గారు ఆపమంటే ఈ క్షణం ఆపేస్తా. నీ మాట మీద ఆపి, పిల్లలకి ఏం పెట్టను?” అన్నారు. అందువలన నేను తోటకూర కట్టల మీద కూర్చున్నాను. లేవమని చెప్పి చెప్పి ఆయన పోలీసులకు ఫోను చేశారు. ఆయన తప్పు లేదు. వంటవాళ్లు ఎసరు పెట్టారు. ఈ అర్జీ కూర్చున్నచోటనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోయినందుకు మన్నించాలి.

6. కాబట్టి తమరు ఈ కూరను ఆపించి, వాగు కింది మళ్లన్నీ ప్రభుత్వం తరఫున పరీక్ష చేయించి, మిగిలిన బూడిద గుట్టను ఎత్తించి, హాస్టల్ పిల్లల రక్తం చూపించి, నేల బాగుపడేవరకు మా వంటివారికి బతుకుదెరువు చూపవలెను. నన్ను ఇక్కడి నుంచి లేపించదలచినచో అభ్యంతరం లేదు. నాతోపాటు కట్టలను కూడా లేపించవలసిందిగా ప్రార్థన.

ఇది చిత్తగించి, పిల్లలు కంచాలు పట్టుకొని వరుసలో నిలబడకముందే ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు,
షేక్ నౌషాద్
(హాస్టల్ వంటగది వాకిలి నుంచి)

తా.క. సార్, కాగితం మడుస్తుండగా పుల్లమ్మక్క వచ్చింది. కొట్టడానికే వచ్చిందనుకున్నా. నా దాకా రాకుండా, కాగితం కోసం నిలబడ్డ జీనత్ దగ్గర ఆగింది.

“నువ్వూ ఈ కూరే తిన్నావా పిల్లా?”

“మా కూర అయిపోయిన రోజున మీరు పంపించింది తిన్నా అక్కా” అంది జీనత్.

పుల్లమ్మక్క వచ్చి కట్టల మీద నా పక్కన కూర్చుంది. వార్డెన్ గారు “నువ్వేందమ్మా?” అంటే, “నా కూర. నేనమ్మను. తూకం వెయ్యకముందు నాదేగా” అంది. ఇవాళ పిల్లలకి వట్టి పప్పేనంట. రేపటికి మాత్రం మీరు రావాలి సార్, మిగతా మళ్ల వాళ్లందరి కట్టల మీదా మేం కూర్చోలేం.

తన పేరు కూడా రాయమంటోంది. రాసా: పుల్లమ్మ. పైన ‘విధేయుడు’ అన్నచోట ‘విధేయులు’ అని చదువుకోగలరు.