నీ గొంతు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి పన్నెండేళ్లు. పొద్దున రెజిమెంటల్ బజార్ ఇంట్లో నీ ఫోటోకి దండ వేస్తుంటే నీ కూతురు పరుగున వచ్చింది. పాత ఫోన్‌లో దొరికిన, గరగరలాడే నీ నాలుగు మాటలను ఏఐకి ఇచ్చి, నీ గొంతుతో కొత్త సినిమా పాట పాడించిందట. తన ఫోన్‌లో పెట్టింది. నువ్వు పాడుతుంటే వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"బాబాయ్, డాడీ గొంతు గిట్లనే ఉంటుండెనా?"

నువ్వు పోయేనాటికి దానికి రెండేళ్లే కదా.

గుర్తు చేసుకోబోయాను. నువ్వు నన్ను పిలిచిన ఒక్క పిలుపూ వినబడలేదు. ఎంత వెతికినా ఆ ఫోన్ పాటే వినబడుతోంది.

"ఆ బిడ్డా, గిట్లనే" అన్నాను.

అది సంబరంగా మళ్లీ పెట్టింది. నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకే తెలియదన్నా. భయమేస్తోంది.