మందుల పద్దు

జూన్ 2
ఇంటి లెక్కలు ఇవాళ్టి నుంచి కంప్యూటర్లో. యాప్ కాదు, ఉత్త టెక్స్ట్ ఫైల్. డబ్బు ఎక్కడి నుంచి పోయిందో ఒక లైన్, ఏ పద్దులోకి పోయిందో ఇంకో లైన్. అద్దె, తిండి, మందులు, బస్సు, నా సొంతం. ఒక్కోదానికి నెల బడ్జెట్. రెండు వైపులా సరిపోకపోతే, ఆ ఫైల్ చదివి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఆ మొండితనం నాకు నచ్చింది.

జూన్ 4, ఆదివారం
వారానికోసారి ఏ పద్దులో ఎంత మిగిలిందో చదివి వినిపిస్తానన్నాను. నా సిగరెట్లకు కూడా బడ్జెట్ వేశావా అని నాన్న నవ్వాడు. అమ్మ మాత్రం చేతులు తుడుచుకుని వచ్చి బుద్ధిగా కూర్చుంది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను చదివానంటే అమ్మకు అది అచ్చులో పడ్డట్టే.

జూన్ 9
మొటిమల క్రీమ్ కొన్నాను. 640. నా సొంతంలో ఉన్నది 180 మాత్రమే. మెడికల్ షాపులో కొన్నదే కదా! మందుల్లో రాశాను. రెండు వైపులా సరిపోయింది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు.

జూన్ 11, ఆదివారం
మందులు, మిగిలింది 60. గబగబా చదివి బస్సు పద్దులోకి వెళ్లిపోయాను. అమ్మ ఆ అంకె మళ్లీ చదవమంది. చదివాను. దేనికైందని అడగలేదు.

జూన్ 15
నా మొహం తేటపడిందని ఆఫీసులో పక్క సీటు అమ్మాయి అంది.

జూన్ 21, మధ్యాహ్నం
అమ్మ పనిచేసే హోటల్ లాండ్రీ నుంచి ఫోన్. దుప్పట్లు మడతపెడుతూ కళ్లు తిరిగి పడిపోయిందట. క్లినిక్‌కు పరుగెత్తాను. బీపీ 190. చదువుకున్నదానివి, అమ్మ మాత్రలు వేసుకుంటోందో లేదో చూసుకోవద్దా అని నర్సు నన్నే నిలదీసింది. మానలేదంది అమ్మ. పది రోజులుగా సగం సగం చేసి వేసుకుంటోందట. ఎందుకలా చేశావని నేనే అడిగాను.
"నువ్వేగా చదివావు, మందుల్లో అరవయ్యే ఉందని. ఉన్న మాత్రలు నెలాఖరు దాకా రావద్దూ?"

జూన్ 21, సాయంత్రం
డబ్బు లేక కాదు. వంటింటి డబ్బాలో ఉంది. అది తిండి పద్దు అని అమ్మ ముట్టుకోలేదు. నేను గీసిన గీత తను దాటలేదు. నేను దాటాను.

జూన్ 22
ఎంట్రీలో ఒక్క పద్దు పేరు మార్చితే చాలు. మార్చాను. మందులు మిగిలింది 700. నా సొంతం మైనస్ 460. అమ్మ వేసుకోని ఆ సగాలను ఏ పద్దులో రాయను?

జూన్ 25, ఆదివారం
చెప్పేశాను. లెక్క చదివినట్టే చదివాను: తేదీ, షాపు, క్రీమ్, 640, ముందు ఎక్కడ రాశానో. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.
"తగ్గాయా మరి? తగ్గితే అది మందే. మళ్లీ అందులోనే రాసెయ్."
తిట్టి ఉంటే బాగుండేది. ఎంట్రీ మాత్రం మళ్లీ మార్చలేదు.

జూలై 2, ఆదివారం
అమ్మకు అంకెలు తెలుసు, అక్షరాలు రావు. ఇవాళ ఒక మాట నేర్పాను: మందులు. తెర మీద జూన్ లెక్కల్లో ఆ పద్దు వెంట వేలు పోనిచ్చి, నీ ఆరువందల నలభై ఏదని అడిగింది.