టౌన్‌హాలు చల్లన, వెనకింట్లో మోత

వైనతేయపురం,
ఏప్రిల్ 4, 2001

మునిసిపల్ ఆఫీసులో శబ్దాల సంగతి చూసే పెద్దలెవరో వారికి, టౌన్‌హాలు వెనక ఇంట్లో కాపురముంటున్న అన్నపూర్ణమ్మ (ఇంటిపేరు కొత్త) నమస్కరించి రాయునది.

మీరంతా చల్లగా ఉన్నారని నాకు తెలుసు. కొత్తగా టౌన్‌హాలుకి ఏసీ పెట్టించుకున్నారు కదా, చల్లగా కాక ఎలా ఉంటారు! ఆ చల్లదనం తయారుచేసే మిషను మాత్రం తెచ్చి మా ప్రహరీ గోడ పక్కన పెట్టారు. పొద్దున్న వేస్తే సాయంత్రం దాకా ఒకటే మోత. వంటింట్లో గిన్నెలు వాటంతటవే అల్మారా అంచుకి నడిచొస్తున్నాయి. మావారికేం, బజార్లో బట్టల కొట్లో కూర్చుంటారు. వినేదాన్ని నేను.

నా చెవులు ఏమైపోయినా ఫరవాలేదండి. మా అమ్మాయి హారతి పురిటికి వచ్చింది. తొలిచూలు. ఈ నెలాఖరుకి నెలలు నిండుతాయి. పగలు కాసేపు నడుం వాల్చుదామంటే దానికి కునుకు పట్టడంలేదు. కొవ్వూరులో ఉన్న మా వియ్యపురాలు వీరమ్మ గారు ఇదే అదనుగా రోజూ ఫోను. "ఆ మోతలో పురుడేంటండి వదినగారూ, పిల్లని మా ఇంటికి పంపేయండి, నేను పోస్తాను పురుడు" అంటుంది. మొన్న ఫోనులో మీ మిషను మోత విని "ఇంట్లో పిండిమర పెట్టారా?" అని కూడా అడిగింది.

తొలి పురుడు పుట్టింటి హక్కండి. అది నా చేతుల్లోంచి పోతే నేను నలుగురిలో తలెత్తుకోలేను. మీరు తక్షణం ఆ మిషను సంగతి చూడాలి.

ఇట్లు,
మీ గోడ అవతలి మనిషి,
అన్నపూర్ణమ్మ

వి.సూ.: మీ ఆఫీసు కిటికీ మా పెరట్లోంచి కనిపిస్తుంది. కేకేసి చెబుదామని చూశాను. మీ మిషను మోతలో మీకు వినపడలేదు. అందుకని పోస్టులో వేస్తున్నాను.


పురపాలక సంఘ కార్యాలయము,
వైనతేయపురం,
ఏప్రిల్ 10, 2001

శ్రీమతి కొత్త అన్నపూర్ణమ్మ గారికి,

తమరి ఫిర్యాదు అందినది. దానిపై ఈ కార్యాలయము వెంటనే స్పందించి, టౌన్‌హాలు వెనుక భాగమున తనిఖీ జరిపినది. తనిఖీ సమయమున కొబ్బరిచెట్టుపై కాకి శబ్దము, తమరి పెరటిలో తమరు ఎవరినో కేకలు వేయుచున్న శబ్దము మినహా ఇతర శబ్దము ఏదియు వినబడలేదు.

కావున సదరు మోత తమరి ఇంటిలోని మిక్సీ, గ్రైండరు వగైరాలది అయి ఉండవచ్చును. వానిని మంచి మెకానిక్కునకు చూపించుకొనవలసినదిగా సలహా ఇవ్వడమైనది.

ఇట్లు,
భవదీయుడు,
ఎన్. ఉదయ్‌భాస్కర్,
శానిటరీ ఇన్‌స్పెక్టర్

వి.సూ.: శబ్దములు చూచుటకు వేరే ఉద్యోగి లేనందున, దోమలు చూచు నాకు ఈ పని అప్పగించిరి. తమరికి దోమల గురించి ఏదైనా ఫిర్యాదు ఉన్నచో తప్పక వ్రాయగలరు. అందులో నాకు అనుభవము కలదు.


ఏప్రిల్ 12, 2001

ఇన్‌స్పెక్టరు ఉదయ్‌భాస్కర్ గారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఆ రోజు నేను కేకలు వేసింది ఎవరినో కాదు, మిమ్మల్నే. మీరు గేట్లోకి రావడం చూసి మీ వాచ్‌మన్ చిట్టియ్య పరిగెత్తుకెళ్లి మిషను కట్టేశాడు. మీరు అటు వెళ్లగానే మళ్లీ వేశాడు. గోడ మీంచి నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "అయ్యగారు సౌండు ఇనడానికొచ్చారు కదండి. ఆ మోతలో ఆయనకేం ఇనపడుద్దండి? మర్యాద కాదని కట్టేశానండి" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. పాపం, మంచికే చేశాడు.

ఈసారి చిట్టియ్యకి చెప్పకుండా, టౌన్‌హాలు వైపు వెళ్లకుండా, తిన్నగా మా ఇంటికి రండి. మా అమ్మాయి పడుకునే గదిలో కూర్చుని మీ చెవులతో మీరు వినండి. మధ్యాహ్నమైతే మోత బాగా ముదురుతుంది.

ఇట్లు,
అన్నపూర్ణమ్మ

వి.సూ.: మా ఇంట్లో దోమలు లేవు. ఈ మోతకి అవి కూడా తట్టుకోలేకపోయాయి.


పురపాలక సంఘ కార్యాలయము,
ఏప్రిల్ 18, 2001

శ్రీమతి అన్నపూర్ణమ్మ గారికి,

తమరి కోరికపై తమరి గృహమున జరిపిన రెండవ తనిఖీ వివరములు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

తనిఖీ అధికారి మధ్యాహ్నము తమరి ఇంటికి చేరుకొనెను. యంత్రము నడుచుచునే ఉన్నది. పరిశీలన మొదలుపెట్టబోవు తరుణమున ఫిర్యాదుదారు అరిటాకు వేసిరి. అధికారి వద్దనెను. వారు వినలేదు. (యంత్ర శబ్దము వలన కావచ్చును.) పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, మజ్జిగపులుసు వడ్డించి, మారు కూడా వడ్డించిరి. పిదప అధికారికి మడతమంచము వేసిరి.

యంత్రము పూర్తి వేగముతో నడుచుచుండగానే అధికారికి గాఢనిద్ర పట్టినది. సాయంత్రము టీ ఇచ్చి లేపవలసి వచ్చెను.

నిబంధనల ప్రకారము నిద్రాభంగము కలిగించు శబ్దమే అభ్యంతరకరమైన శబ్దము. అధికారికి నిద్రాభంగము కలుగలేదు. ఈ సంగతి స్వానుభవముపై నిర్ధారణ అయినందున తమరి ఫిర్యాదు ముగించడమైనది.

ఇట్లు,
భవదీయుడు,
ఉదయ్‌భాస్కర్

వి.సూ.: ఫిర్యాదు ముగిసినప్పటికీ, మరొక తనిఖీ అవసరమని తోచినచో మొహమాటపడక వ్రాయగలరు. పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలుపవలెనో కనుక్కొని రమ్మని మా ఇంటిలో చెప్పిరి.


ఏప్రిల్ 20, 2001

నాయనా ఉదయ్‌భాస్కరూ,

నా ఇంట్లో తిని, నా మంచం మీద పడుకుని, నా మీదే రాస్తావా?

భోజనం వేళకి గుమ్మంలోకొచ్చిన మనిషికి ఆకు వేయకుండా ఎలా ఉంటానయ్యా? ఆ మాటకొస్తే ఆ మిషను మా గోడ పక్కన పెట్టించినవాడు వచ్చినా ముందు అన్నం పెట్టి తరవాతే తిడతాను. నీకు నిద్రపట్టింది మోత లేక కాదు, మజ్జిగపులుసు ఎక్కువై. నువ్వు ఆ మంచం మీద పడుకున్నంతసేపూ మా హారతి పక్క గదిలో చెవులకి దిండు అదుముకుని అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. ఆ సంగతి నీ తనిఖీలో రాయలేదేం?

ఇంకో కబురు విను. నిన్న వీరమ్మ గారు వచ్చింది. కారు దిగుతూనే చెవులు మూసుకుంది. మా హారతి కళ్ల కింద నలుపు చూసి "వచ్చే శుక్రవారం మంచిది, కారు పంపుతాను, కోడల్ని తయారుచేసి ఉంచండి" అని తేల్చేసి వెళ్లింది. నెలలు నిండిన పిల్లని గోదారి దాటించి తీసుకుపోతుందట. హారతికి నా దగ్గరే ఉండాలని ఉంది. అత్తగారి ముందు అనలేక నా వైపు చూసింది. నేనూ అనలేక వంటింట్లోకి పోయి ఏడ్చాను. నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. మీ మిషను చేసిన మేలు అదొక్కటే.

ఇట్లు,
అన్నపూర్ణమ్మ

వి.సూ.: ఆవ పొయ్యి మీదుండగా కలిపితే చేదెక్కుతుంది. దించి, కూర చల్లారాక కలపాలి. నా కోపం నీ మీదే గాని మీ ఆవిడ మీద కాదు.


ఏప్రిల్ 24, 2001

అక్కయ్యగారికి,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద రాయడంలేదు. మీ ఉత్తరం మా ఆవిడ చదివింది. ఆవ సంగతి కోసమే చదివింది గాని, మీరు వంటింట్లో ఏడ్చిన దగ్గర ఆగిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో నాకు కంచం పెడుతున్నారు గాని ఎవరూ మాట్లాడటంలేదు. నేను చేసింది తప్పే. క్షమించండి.

నిన్న మీ ఫిర్యాదు మళ్లీ తెరిచి కౌన్సిల్ ముందు పెట్టించాను. ఒక సభ్యుడు మిషను చుట్టూ గోడ కట్టాలన్నారు. గోడ కడితే మోత తన వార్డులోకి మళ్లుతుందని పక్క సభ్యుడు లేచారు. ఇంకొకాయన ఏసీయే తీసేద్దామన్నారు. ఎండాకాలం సమావేశాలు ఎలాగయ్యా అని అందరూ కలిసి ఆయన్ని కూర్చోబెట్టారు. చివరికి ఒక ఉపసంఘం వేశారు. అది తేల్చేసరికి మీ మనవడో మనవరాలో బడికి వెళ్తుంటారు.

ఆ గొడవలో నాకొకటి తట్టింది. మోతంతా వెనక వైపే. హాల్లో మాత్రం చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం, మంచి చల్లదనం. కౌన్సిల్ హాల్లో ప్రజలు కూర్చోవడానికి వెనక బల్లలు ఉన్నాయి. సమావేశాలు చూసే హక్కు ప్రజలందరికీ ఉంది. కళ్లు తెరుచుకునే చూడాలని ఎక్కడా రాసి లేదు. రేపటినుంచి అమ్మాయిని మధ్యాహ్నాలు అక్కడ పడుకోబెట్టండి. నాలుగు రోజులు నిద్రపోతే మొహం తేటపడుతుంది, వీరమ్మ గారికి మాటుండదు. చిట్టియ్య తలుపు తీసి ఉంచుతాడు.

ఇట్లు,
మీ తమ్ముడిలాంటి
ఉదయ్‌భాస్కర్

వి.సూ.: దిండు మీరే తెచ్చుకోవాలి. గురక వచ్చినా ఫరవాలేదు, సభ్యుల వైపునుంచి కూడా వస్తుంది.


మే 4, 2001

తమ్ముడు ఉదయ్‌భాస్కర్‌కి,

మంగళవారం జరిగినదాంట్లో సగం నీకు తెలుసు, మిగతా సగం తెలియాలి.

నువ్వు చెప్పినట్టే హారతి రోజూ హాల్లో పడుకుంది. రెండు పూటలకే కళ్ల కింద నలుపు పోయింది. శుక్రవారం కారు వచ్చింది గాని, తేటపడ్డ పిల్ల మొహం చూసి డ్రైవరు ఒక్కడే వెనక్కి వెళ్లాడు. నేను గెలిచాననుకున్నాను.

మంగళవారం మీ హాల్లో నర్సులకి పోలియో చుక్కల శిక్షణ ఉందని నాకేం తెలుసు? హారతి వెనక బల్ల మీద పడుకుని ఉంది. ఊళ్లో ఉన్న నర్సులంతా ముందు కుర్చీల్లో ఉన్నారు. నొప్పులు ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. రిక్షా పిలుద్దామని నేను లేచేలోపే సిస్టర్ రామతులసి "ఇప్పుడెక్కడికీ కదల్చకూడదమ్మా" అని నీతో సహా మగాళ్లందర్నీ బయటికి తోలేసింది. ఛైర్మన్ గారి పెద్ద బల్ల మీదే నాకు మనవరాలు పుట్టింది. బంగారుబొమ్మ. తల్లీబిడ్డా క్షేమం. పిల్ల ఏడుపు విని వరండాలో మీరంతా చప్పట్లు కొట్టారు చూడు, ఆ చప్పుడు మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడసలు సంగతి. వీరమ్మ గారు వచ్చి మనవరాలిని ఎత్తుకుని ముద్దులాడి, అంతా అయ్యాక నెమ్మదిగా అంది: "పుట్టింట్లో పొయ్యాల్సిన పురుడు టౌన్‌హాల్లో పోశారు వదినగారూ. పుట్టింటి హక్కు ఇంక ఎక్కడుంది? పురిటి స్నానం కాగానే తల్లినీ పిల్లనీ నేను తీసుకెళ్తాను." ఐదో నెల దాకా నా దగ్గర ఉండాల్సిన పిల్లలయ్యా. నా చేత్తో నలుగు పెట్టాలి, నా చేత్తో సాంబ్రాణి పట్టాలి. పైగా పసిపిల్ల ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మోతకి ఉలిక్కిపడి ఏడుస్తోంది. ఆవిడకి ఇంకేం కావాలి?

నువ్వు పుట్టించిన చిక్కిది. బల్ల మీద పడుకోబెట్టమంది నువ్వే. ఏం చేస్తావో చెయ్యి.

ఇట్లు,
మీ అక్క,
అన్నపూర్ణమ్మ

వి.సూ.: ఛైర్మన్ గారి బల్ల మీది పచ్చగుడ్డ ఉతికించాను. రంగు దిగింది. ఆయన అడిగితే మొదటినుంచీ అలాగే ఉందని చెప్పు.


పురపాలక సంఘ కార్యాలయం,
వైనతేయపురం,
మే 8, 2001

అక్కయ్యకి, తమ్ముడు రాయునది.

నిన్న జరిగిన అత్యవసర సమావేశంలో మన కౌన్సిల్ ఈ కింది తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఏకగ్రీవమన్న మాట రాయడం రాక గుమాస్తా నన్ను అడిగి రాసుకున్నాడు.

"ఈ కౌన్సిల్ హాలులో పురుడు జరిగినందున, ఈ హాలు చి॥ సౌ॥ హారతికి పుట్టిల్లు అగును. పురపాలక సంఘము ఆమెకు పుట్టింటివారు అగుదురు. తొలి పురుడు పుట్టింటిలోనే జరిగినట్లు ధ్రువీకరించడమైనది. తల్లీబిడ్డలు ఆచారము ప్రకారము ఐదవ నెల వరకు పుట్టింటివారి వద్దనే, అనగా వెనుక ఇంట అన్నపూర్ణమ్మ గారి పోషణలో ఉందురు."

తీర్మానం చదవడం అయ్యాక ఛైర్మన్ గారు వెనక కిటికీ తీసి చూశారు. ఆ మోత ఆయన వినడం అదే మొదటిసారి. "ఏంటయ్యా ఇది! మనింట్లో బాలింత ఉంటే, దాని చెవి పక్కన ఈ రొదేంటి? ముందు ఆ మిషను ఊడబీకండి" అని కేకలేశారు. ఉపసంఘం సంగతేమిటని నేను అడిగాను. "మన పిల్ల నిద్రకి ఉపసంఘమేంటయ్యా?" అన్నారు. అదే గంటలో మిషను బోల్టులు విప్పారు. చేపల మార్కెట్టు వైపుకి మారుస్తున్నాం. అక్కడి బేరాల్లో దాని మోత దానికే వినపడదు. ఈపాటికి మీకు తేడా తెలిసే ఉంటుంది. పిల్ల నిద్రపోతోందా?

పుట్టింట్లో పురుడు కాబట్టి స్నానం అయ్యేదాకా ఫైళ్లు ముట్టుకోకూడదని సిబ్బంది అంతా ఆచారం పాటిస్తున్నారు. ఇంత నిష్ఠ వాళ్లలో నేనెప్పుడూ చూడలేదు. బారసాలకి సభ్యులందరూ మేనమామల హోదాలో వస్తారు. ఉయ్యాల మనదే.

తీర్మానం నకలు నేనే స్వయంగా వీరమ్మ గారికి అందించాను. పైకీ కిందకీ చదివి, సీలు వేలితో రుద్ది చూసి, "సరే, పుట్టిల్లే. ఐదో నెల దాకా ఉంచుకోండి" అని ఒప్పుకున్నారు. మీరిక నిశ్చింతగా సాంబ్రాణి పట్టుకోండి.

ఇట్లు,
మీ తమ్ముడు,
ఉదయ్‌భాస్కర్

వి.సూ.: అక్కా, ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా గోడ మీంచి విసురుతున్నాను, వెంటనే చదవాలి. వీరమ్మ గారు మధ్యాహ్నం నుంచి హాల్లో ఛైర్మన్ గారి కుర్చీలో కూర్చుని ఉన్నారు. పురపాలక సంఘం తనకి వియ్యాలవారయ్యాక, బొట్టుపెట్టి బారసాలకి పిలవలేదని అలిగారు. ఛైర్మన్ గారు వరండాలో నుంచుని ఉన్నారు. బతిమాలితే "వియ్యపురాల్ని ఉక్కలో కూర్చోబెడతారా, ఏసీ వేయండి" అంటారు. ఏసీ ఏదీ, ఊడబీకేశాం కదా! పురిటి మైల పాత ఫైళ్లకి అంటదని చిట్టియ్య చెప్పాడు కాబట్టి, వాడొక ఫైలూ నేనొక ఫైలూ పుచ్చుకుని ఆవిడకి అటూ ఇటూ విసురుతున్నాం. కుంకుమ భరిణె పట్టుకుని పరుగున రా. నా చేతులు పడిపోతున్నాయి.